ఓక్ చెక్కతో మూడు కాళ్ల స్టూలు: చేతి పనిముట్లతో మొదటి నుంచి చివరి దాకా

మేకులు, మరలు ఏవీ వాడకుండా, గుండ్రటి పీటకు బెజ్జాలు వేసి, వాటిలోకి మూడు కాళ్లు దిగేసి, పైనుంచి చీలలు (కొస వైపు సన్నబడే చెక్కముక్కలు) కొట్టి బిగించే స్టూలును ఎలా చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను. దీని ఎత్తు 450 మి.మీ., పీట వ్యాసం 320 మి.మీ., బరువు మూడు కిలోల పైచిలుకు. మూడు కాళ్లే ఎందుకంటే, నేల ఎంత ఎగుడుదిగుడుగా ఉన్నా మూడు పాదాలూ ఒకేసారి ఆనుతాయి. ఐరోపా పల్లెల్లో ఆవుల పాకల్లో పాలు పితకడానికి ఇలాంటివే వాడేవారు. ఆ మట్టినేలల మీద నాలుగు కాళ్లది ఊగుతుంది, మూడు కాళ్లది ఊగదు.

నేను ఇరవై ఏళ్లుగా అమెరికాలోని ఒహాయోలో ఉంటున్నాను. ఇక్కడ ఓక్ మన ఊళ్లలో వేప, తుమ్మ లాగా చేతికందే చెక్క. తెలుగు బైబిలు చదివినవారికి సింధూర వృక్షం పేరుతో పరిచయమైన చెట్టు ఇదే. నేను చేసిన మొదటి స్టూలు చూడడానికి బాగానే ఉండేది గానీ, మొదటి చలికాలం గడిచేసరికి ఒక కాలు చేతితో తిప్పితే తిరిగేటంత వదులైంది. జిగురు మంచిది కాదేమోననుకుని మరో జిగురు పోసి బిగించాను. నెల తిరగకుండా మళ్లీ వదులైంది. కాలిని పూర్తిగా ఊడదీసి చూస్తే, గుండ్రంగా చెక్కిన చివరి భాగం కోడిగుడ్డు ఆకారంలోకి మారిపోయి ఉంది. తడి ఆరని చెక్కతో కాళ్లు చేసి బిగించాను, ఇంట్లోని వేడికి అవి ఆరి కుంచించుకుపోయాయి. అప్పటి నుంచి నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటే: స్టూలును నిలబెట్టేది జిగురు కాదు, చెక్క ఆరిన తీరు, నార నడిచిన దిశ. అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం ఆ రెండింటికే కేటాయించాను.

చెక్కను ఎంచుకోవడం

అమ్మకంలో ఓక్ రెండు రకాలుగా దొరుకుతుంది: తెల్ల ఓక్, ఎర్ర ఓక్. రంగును బట్టి వాటిని గుర్తించడం కష్టం. ఒక చిన్న ముక్కను నార వెంబడి నాలుగంగుళాల పొడవున కోసి, ఒక చివర సబ్బునీళ్లు రాసి రెండో చివర నుంచి గట్టిగా ఊదితే, ఎర్ర ఓక్‌లో బుడగలు లేస్తాయి, తెల్ల ఓక్‌లో లేవవు. తెల్ల ఓక్ చేవలో నీటిని మోసే సన్నటి గొట్టాలు సహజంగానే మూసుకుపోయి ఉంటాయి, ద్రాక్షసారా పీపాలు దానితో చేసేది అందుకే. ఇంట్లో వాడుకునే స్టూలుకు రెండూ పనికివస్తాయి. ఆరుబయట వరండాలో ఉంచదలిస్తే మాత్రం తెల్ల ఓక్ తీసుకోండి.

ఏ రకమైనా చేవ భాగాన్నే వాడాలి. బెరడును ఆనుకుని ఉండే లేత రంగు చెక్కలో పిండిపదార్థం ఉంటుంది, దాని కోసం పురుగు చేరి చెక్కను లోలోపల పొడి చేస్తుంది. మా ఊరి వడ్రంగి నాగలి చేయడానికి తుమ్మ దుంగను కొడుతూ, తెల్ల భాగమంతా పొయ్యిలోకి పోవలసిందేనని, మిగిలిన చేవకే పేరని అనేవాడు. ఆ మాట ఓక్ విషయంలోనూ అక్షరాలా నిజం.

పీటకు మిల్లులో కోసి ఆరబెట్టిన పలక సరిపోతుంది. కాళ్ల సంగతి వేరు. కాలికి బలం నారలో ఉంటుంది కాబట్టి, పై నుంచి కింది దాకా నార తెగకుండా నడవాలి. రంపంతో కోసిన చెక్కలో నార తరచుగా పక్కకు జారి అంచు దగ్గర తెగిపోతుంది. అలాంటి కాలు, మనిషి కూర్చుని వెనక్కి వాలిన రోజున ఆ గీత వెంబడే విరుగుతుంది. దుంగను చీలిస్తే ఈ సమస్య ఉండదు, ఎందుకంటే చీలిక నార వెంబడే పోతుంది. కట్టెల అడితిలో ముళ్లూ ముడులూ లేని, బెరడు గీతలు నిటారుగా ఉన్న, 550 మి.మీ. పొడవైన ఓక్ మొద్దు ఒకటి దొరికితే మూడు కాళ్లే కాదు, ఆరు కాళ్లు వస్తాయి. బెరడు మెలితిరిగి ఉంటే లోపలి నార కూడా మెలితిరిగి ఉంటుందని గుర్తించి దాన్ని వదిలేయండి. చీల్చడానికి వీలు లేకపోతే, పలక అంచున నార గీతలు అంచుకు సమాంతరంగా నడిచే చోటు వెతికి, పలక వంకరగా ఉన్నా సరే, నార గీత వెంబడే గీసి కోసుకోవాలి.

ఆంధ్ర, తెలంగాణల్లో ఓక్ దిగుమతి పలకగా తప్ప దొరకదు. ఇక్కడ చెప్పిన పద్ధతి టేకుకు, నల్లతుమ్మకు అలాగే వర్తిస్తుంది. టేకు ఆరేటప్పుడు తెల్ల ఓక్‌లో దాదాపు సగమే కుంచించుకుంటుంది కాబట్టి కొత్తవారికి ఇంకా తేలిక. కాకపోతే టేకులో నూనె ఉంటుంది, జిగురు రాసే ముందు ఆ చోటును స్పిరిట్‌తో తుడవాలి. తుమ్మ చేవ మహా గట్టిది, ఆరిన తర్వాత ఉలికి లొంగదు, అందువల్ల పచ్చిగా ఉండగానే ముతకగా చెక్కి పెట్టుకోవడం మేలు.

పనిముట్లు

చేతి రంపం, వంపులు కోయడానికి సన్నటి రంపం, చిత్రిక, పదునైన ఉలి, కొయ్యసుత్తి, బరమా, దానికి 25 మి.మీ. మొన, మూలమట్టం, వాలు కొలిచే బెవెల్ గేజి, కంపాసు, రెండు మూడు క్లాంపులు కావాలి. చిత్రికను తెలంగాణలో రందా అని కూడా అంటారు. కాళ్లు చెక్కడానికి రెండు చేతులతో పట్టుకుని తనవైపు లాగే కత్తి డ్రానైఫ్, రెండు పిడుల చిన్న చిత్రిక లాంటి స్పోక్‌షేవ్ ఉంటే పని హాయిగా సాగుతుంది, లేకపోతే చిత్రికతోనే కానివ్వవచ్చు. ఉలికి, చిత్రికకు పదును పెట్టకుండా ఓక్ జోలికి వెళ్లకండి. మొండి ఇనుము ఓక్‌ను కోయదు, నారను పీకి లేపుతుంది. రంపపు పొట్టు, ఉప్పుకాగితం దుమ్ము పీల్చకుండా మాస్కు కట్టుకోండి. చెక్క దుమ్మును 1995లో అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ కేన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది, దానికి ఆధారమైన చెక్కల్లో ఓక్ ఒకటి.

కొలతలు, కాళ్ల వాలు

పీట మందం 42 మి.మీ. పీట అడుగున కేంద్రం నుంచి 105 మి.మీ. దూరంలో మూడు బెజ్జాలు, ఒక్కొక్క కాలు నిటారు నుంచి 18 డిగ్రీలు బయటకు వాలి ఉంటుంది. చాలామంది అందం కోసం పది పన్నెండు డిగ్రీలతో సరిపెడతారు. నేను దానికి ఒప్పుకోను, కారణం కూడా చెబుతాను.

మూడు పాదాలను కలుపుతూ నేల మీద త్రిభుజం గీశామనుకోండి. కూర్చున్న మనిషి బరువు ఆ త్రిభుజం దాటి బయట పడితే స్టూలు ఒరిగిపోతుంది. కేంద్రం నుంచి పాదానికి ఎంత దూరమో, కేంద్రం నుంచి త్రిభుజపు భుజానికి అందులో సరిగ్గా సగమే దూరం. 18 డిగ్రీల వాలుతో పాదాలు కేంద్రానికి సుమారు 238 మి.మీ. దూరంలో పడతాయి, అంటే రెండు కాళ్ల నడుమ భద్రమైన హద్దు 119 మి.మీ. వాలును 12 డిగ్రీలకు తగ్గిస్తే ఆ హద్దు 96 మి.మీ.కు పడిపోతుంది, పీట వ్యాసార్ధం మాత్రం 160 మి.మీ. దగ్గరే ఉంటుంది. ముసలివారు, పిల్లలు కూర్చునే ఇంట్లో ఈ తేడా చిన్నది కాదు. వారికోసమే చేసేటట్లయితే నాలుగు కాళ్లు పెట్టండి. అప్పుడు పాదాల దూరంలో పదింట ఏడు వంతుల దాకా హద్దు వస్తుంది, ఊగకుండా చివర్లో కాళ్లను సమం చేసుకునే పని ఒక్కటి పెరుగుతుంది.

ఈ వాలుకు కాలి పొడవు, పీటలోకి దిగే భాగంతో కలిపి, 473 మి.మీ. వస్తుంది. పైన పది, కింద ఇరవై మి.మీ. అదనంగా ఉంచుకోవడానికి 520 మి.మీ. ముక్కలు కోసుకుంటే నిశ్చింత.

కాళ్లు చెక్కడం, ఆరబెట్టడం

మొద్దును నిలబెట్టి, ఇనుప చీలతో నడిమి నుంచి రెండుగా, ప్రతి సగాన్ని మళ్లీ రెండుగా చీల్చండి. ఎప్పుడూ సగానికి సగం చీల్చాలి. ఒక పక్కన పలచని ముక్కను ఊడదీయబోతే చీలిక ఆ పలచని వైపుకే జారిపోతుంది. గొడ్డలితో బెరడును, తెల్ల చెక్కను, నడిమి దూటను తీసేసి, 42 మి.మీ. చదరంగా ముతక ముక్కలు చేసుకోండి. పచ్చి ఓక్ ఈ దశలో వెన్నలా తెగుతుంది. పదును ఉన్న డ్రానైఫ్ కింద నుంచి తడి పొరలు పొడవుగా చుట్టలు చుట్టుకుంటూ లేస్తుంటే, పుల్లటి వగరు వాసన గది నిండా నిండుతుంది. ఓక్‌లో టానిన్ అనే వగరు పదార్థం ఉంటుంది. దానివల్ల మీ వేళ్లు, ఇనుము తగిలిన చోటల్లా, నీలి నలుపుకు తిరుగుతాయి. సబ్బుతో పోదు, నిమ్మకాయతో రుద్దితే పోతుంది.

ఇక ఆరబెట్టడం. తెల్ల ఓక్ పచ్చిదశ నుంచి పూర్తిగా ఆరేసరికి చెట్టు పెరుగుదల వలయాల వెంబడి 10.5 శాతం, కేంద్రం నుంచి బయటకు వెళ్లే దిశలో 5.6 శాతం కుంచించుకుంటుంది. ఈ రెండూ సమానం కాకపోవడమే నా మొదటి స్టూలును చెడగొట్టింది. ఇంట్లో ఉండే తేమ దాకా ఆరినా, పచ్చిగా 28 మి.మీ. వ్యాసంతో గుండ్రంగా చెక్కిన కాలి చివర ఒక దిశలో సుమారు 26కు, మరో దిశలో సుమారు 27కు చేరి కోడిగుడ్డు ఆకారం అవుతుంది. కాబట్టి పచ్చిగా ఉండగా ఏదీ తుది కొలతకు చెక్కకూడదు. ముతక కాళ్లను నీడలో, గాలి ఆడే చోట, ఒకదానికొకటి తగలకుండా రెండు మూడు నెలలు ఉంచండి. చివరలు ముందుగా ఆరి పగుళ్లు పడకుండా రెండు కొసలకూ మైనం గానీ పాత రంగు గానీ పూయండి. ఎండలో పెట్టడం, పొయ్యి దగ్గర పెట్టడం మొదట్లోనే చేస్తే ఓక్ నిలువునా పగులుతుంది.

ఆరిందో లేదో చెప్పడానికి వంటింటి త్రాసు చాలు. ప్రతి వారం తూచి, కాలి మీదే పెన్సిలుతో రాసి పెట్టుకోండి. మొదట్లో బరువు వేగంగా పడిపోతుంది, తర్వాత మెల్లగా పడుతుంది, మూడు నాలుగు వారాలు అంకె కదలకుండా నిలిచిన రోజున చెక్క ఆరినట్టే. అడితి నుంచి ఆరిన పలకే తెచ్చుకుంటే ఈ ఎదురుచూపు తప్పుతుంది, అయినా దాన్ని స్టూలు వాడే ఇంట్లోనే ఒక రెండు వారాలు ఉంచి మొదలుపెట్టండి.

ఆరిన ముక్కను చిత్రిక పట్టి, పై చివర 36 మి.మీ. చదరంగా, అక్కడి నుంచి పాదం దగ్గర 25 మి.మీ. చదరానికి సన్నబడేలా చేయండి. తర్వాత ఎనిమిది పలకలుగా మార్చాలి. 36 మి.మీ. చదరంలో ప్రతి మూల నుంచి 10.5 మి.మీ. దూరంలోనూ, 25 మి.మీ. చదరంలో 7.3 మి.మీ. దూరంలోనూ గుర్తులు పెట్టి, పైగుర్తునూ కిందిగుర్తునూ గీతతో కలిపి, మూలలను ఆ గీతల దాకా చిత్రిక పట్టి దించితే ఎనిమిది ముఖాలూ సమానంగా వస్తాయి. ఇక్కడే ఆగవచ్చు. గుండ్రంగా నునుపు చేసినదానికంటే ఎనిమిది పలకల కాలి మీద వెలుగు నీడలు స్పష్టంగా పడతాయని, చేతికి కూడా అదే బాగుంటుందని నా అభిప్రాయం.

పీట

320 మి.మీ. వెడల్పున ఒకే పలక దొరకడం అరుదు, దొరికినా అది దొప్పలా వంగే ప్రమాదం ఎక్కువ. రెండు పలకలను, ఒక్కొక్కటి 165 మి.మీ. వెడల్పుతో, అంచులు కలిపి అతికించండి. రెండు పలకలను పుస్తకం మూసినట్టు పక్కపక్కన వైస్‌లో బిగించి, రెండు అంచులనూ ఒకేసారి చిత్రిక పట్టండి. అప్పుడు అంచు కాస్త ఏటవాలుగా పోయినా, పలకలు తెరిచి కలిపినప్పుడు రెండు వాలులూ ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయి. అతుకును వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే వెలుగు గీత కనిపించకూడదు. ఫెవికాల్ వంటి తెల్ల జిగురు రాసి రాత్రంతా క్లాంపుల్లో ఉంచండి. క్లాంపు ఇనుము తడి జిగురుకు తగిలితే ఓక్ మీద నల్లటి మచ్చ పడి లోపలికి దిగుతుంది, మధ్యలో కాగితమో ప్లాస్టిక్కో పెట్టడం మరువకండి.

ఆరిన తర్వాత రెండు ముఖాలూ చదును చేసి, అడుగు ముఖాన కేంద్రం గుర్తించి, 160 మి.మీ. వ్యాసార్ధంతో వృత్తం గీయండి. బెజ్జాలు వేయడం పూర్తయ్యే దాకా గుండ్రంగా కోయవద్దు. చదరపు పలకను బల్లకు బిగించడం తేలిక, గుండ్రటిది జారుతుంది.

బెజ్జాలు

కంపాసును 105 మి.మీ. తెరిచి కేంద్రం చుట్టూ చిన్న వృత్తం గీయండి. కంపాసును కదపకుండా అదే తెరుపుతో వృత్తం మీద అంగలు వేసుకుంటూ పోతే ఆరు గుర్తులు వస్తాయి, వాటిలో ఒకటి విడిచి ఒకటి తీసుకుంటే మూడు బెజ్జాల స్థానాలు. మొదటి గుర్తు ఎక్కడ పెట్టాలన్నది ముఖ్యం. అతుకు గీతకు లంబంగా కేంద్రం నుంచి గీసిన గీత మీద మొదటిది పెడితే, అది అతుకుకు 105 మి.మీ. దూరంలోనూ, మిగిలిన రెండూ 52 మి.మీ. దూరంలోనూ పడతాయి. అతుకు మీద బెజ్జం పడితే చీల కొట్టినప్పుడు పీట అక్కడే విడిపోతుంది.

కేంద్రం నుంచి ప్రతి గుర్తు మీదుగా అంచు దాకా గీత లాగండి. కాలు ఈ గీత వెంబడే బయటకు వాలుతుంది, పక్కకు వాలదు. బెవెల్ గేజిని నిటారు నుంచి 18 డిగ్రీలకు బిగించి, గీత మీద బయటి వైపుకు వాలేలా నిలబెట్టండి. మూలమట్టాన్ని గీతకు లంబంగా పక్కన ఉంచండి. బరమా మొనను ముందుగా నిటారుగా పట్టి రెండు మూడు చుట్లు తిప్పి, అంచు పట్టు దొరికాక నెమ్మదిగా గేజికి సమాంతరంగా వాల్చండి. నాలుగు చుట్లకొకసారి ఆగి, ఒకసారి ముందు నుంచి, ఒకసారి పక్క నుంచి చూసుకోవాలి. పక్కన ఒక మనిషి ఉండి చూసి చెబితే ఇంకా మంచిది. మా అమ్మాయి పదేళ్లప్పుడు గరాజ్ నేల మీద కూర్చుని, “నాన్నా, కొంచెం నీ వైపుకు” అని చెబుతూ వేయించిన మూడు బెజ్జాలు, నేను ఒంటరిగా వేసిన వాటన్నిటికంటే సూటిగా వచ్చాయి. ఒక్క డిగ్రీ తేడా పాదం దగ్గర ఏడెనిమిది మి.మీ.గా కనిపిస్తుంది. అంతమాత్రం తేడాకు కంగారు పడనక్కర్లేదు, మూడింటిలో ఒకటి మిగిలిన రెంటికీ పూర్తిగా భిన్నంగా ఉంటేనే కంటికి ఎబ్బెట్టు.

మొన సూది కొస పైముఖాన కనిపించగానే ఆపి, పలకను తిప్పి, ఆ చిల్లు నుంచి అదే వాలులో మిగిలింది పూర్తి చేయండి. ఒకే వైపు నుంచి పొడిస్తే పైముఖాన నార పెద్ద పెచ్చులుగా లేస్తుంది. ఆ తర్వాత పైముఖాన ప్రతి బెజ్జాన్నీ, పీట నార నడిచే దిశలో మాత్రమే, రెండు పక్కలా ఒక్కొక్క మి.మీ. చొప్పున గుండ్రటి ఆకురాయితో వెడల్పు చేయండి. దీని ప్రయోజనం చీలలు కొట్టేటప్పుడు తెలుస్తుంది.

ఇప్పుడు పీటను గుండ్రంగా కోసి, అంచును చిత్రికతో సాపు చేయండి. అడుగు అంచును 25 మి.మీ. లోపలి దాకా వాలుగా చెక్కేస్తే 42 మి.మీ. మందం ఉన్న పీట పక్క నుంచి పలచగా, తేలికగా కనిపిస్తుంది, బలం ఏమీ తగ్గదు.

కుసి: అసలు పని ఇక్కడే

కాలి చివర గుండ్రంగా చెక్కి బెజ్జంలోకి దింపే మొనను కుసి అంటారు. దీని పొడవు 60 మి.మీ., వ్యాసం 25 మి.మీ. కాళ్లు ఎంత ఆరినా, కుసి చెక్కే ముందు ఆ చివరలను మరికొంచెం ఆరబెట్టడం మంచిది. అట్టపెట్టెలో పాతకాలపు 60 వాట్ల బల్బు ఒకటి వెలిగించి, ఏదీ దానికి తగలకుండా, కాళ్ల పైకొసలు మాత్రమే లోపల ఉండేలా రెండు రోజులు పెడితే సరిపోతుంది, అయితే మనిషి ఇంట్లో ఉన్న వేళల్లోనే వెలిగించాలి. కుసి పీటకంటే పొడిగా ఉన్నప్పుడు బిగిస్తే, తర్వాత గాలిలోని తేమ పీల్చుకుని అది కాస్త ఉబ్బుతుంది, ఉబ్బితే బిగుసుకుంటుంది. నా మొదటి స్టూలులో జరిగినదానికి ఇది సరిగ్గా తిరగేసిన పద్ధతి.

కుసి చెక్కడానికి ముందు, అదే 25 మి.మీ. మొనతో ఒక పనికిరాని ఓక్ ముక్కకు బెజ్జం వేసుకుని దాన్ని కొలబద్దగా పెట్టుకోండి. కాలి కొస మీద 25 మి.మీ. వృత్తం గీసి, ఎనిమిది ముఖాలను పదహారు చేసి, ఆపైన స్పోక్‌షేవ్‌తో గుండ్రంగా దించుతూ రండి. కొలబద్ద బెజ్జం లోపలి గోడకు మెత్తటి పెన్సిలుతో బాగా నలుపు పూసి, కుసిని అందులో పెట్టి అర చుట్టు తిప్పి తీయండి. ఎత్తుగా ఉన్న చోట్ల మెరిసే నల్లటి మచ్చలు పడతాయి. ఆ మచ్చలను మాత్రమే పలచటి పొరగా తీసి, మళ్లీ పెట్టి తిప్పండి. మొదట్లో ఒకటి రెండు మచ్చలే ఉంటాయి, పది పదిహేను సార్లకు కుసి చుట్టూ సమంగా బూడిదరంగు పరుచుకుంటుంది. ఒక్కొక్క కుసికి నాకు ఇప్పటికీ ముప్పావుగంట పడుతుంది, ఈ పనిలో తొందరపడిన ప్రతిసారీ కాలు వదులుగానే వచ్చింది. చేతితో తోస్తే సగం దాకా దిగి, అక్కడి నుంచి సుత్తి దెబ్బ అడిగేటంత బిగువు ఉండాలి. కుసి మొదలయ్యే చోట మెట్టులా కాకుండా కాలిని పది మి.మీ. పొడవున వాలుగా కలిపేయండి, ఎందుకంటే వాలి ఉన్న కాలి మెట్టు పీట అడుగున ఒక పక్కనే ఆనుతుంది.

తర్వాత కుసి కొసలో చీల కోసం రంపపు గాటు పెట్టాలి. గాటు పీట నారకు అడ్డంగా రావాలి. నారకు సమాంతరంగా పెట్టి చీల కొడితే, చీల పీటనే నిలువునా పగలగొడుతుంది. అడ్డంగా ఉంటే కుసి నార కొసల వైపుకు విచ్చుకుంటుంది, ఆ దిశలో పీట ఎంత ఒత్తిడినైనా కాస్తుంది. కాబట్టి కాలిని బెజ్జంలో పెట్టి చూసి, మీకు నచ్చిన ముఖం బయటకు తిప్పుకుని, పీట నారకు అడ్డంగా కొస మీద గీత గీసి, కాలికీ బెజ్జానికీ ఒకే అంకె వేసుకోండి. కాలి కొసన కనిపించే వలయాల గీతలు పీట నార వెంబడి పడేలా తిప్పుకోగలిగితే మరీ మంచిది, ఎక్కువగా ఉబ్బే దిశకు గట్టి గోడ దొరుకుతుంది. గాటు లోతు 40 మి.మీ. చాలు.

బిగించడం

చీలలు మూడింటినీ చీల్చిన ఓక్‌తోనే చేయండి. వెడల్పు 24 మి.మీ., పొడవు 45 మి.మీ., తల దగ్గర 5 మి.మీ. మందం, కొస దగ్గర ఒక మి.మీ. కంటే తక్కువ. జిగురు పెట్టక ముందు ఒకసారి అన్ని కాళ్లనూ పొడిగా దింపి చూసుకోండి, అయితే చివరి దాకా దిగేయకండి, తీయడం కష్టమవుతుంది.

పీటను బల్ల మీద బోర్లా పెట్టి, బెజ్జాల కింద కొస దిగడానికి ఖాళీ ఉండేలా రెండు పక్కలా చెక్కలు పెట్టండి. బెజ్జం గోడలకు జిగురు పలచగా రాసి, కాలిని గీతకు సరిగా తిప్పి, కొయ్యసుత్తితో కొట్టండి. మొదటి దెబ్బలకు బోలుగా మోగుతుంది, కాలు ఆనే చోటికి చేరగానే ఆ మోత గట్టిపడి, దెబ్బ మీ మణికట్టుకు తెలుస్తుంది. అక్కడ ఆపాలి. మూడూ దిగాక స్టూలును నిలబెట్టి, చీలలకు జిగురు రాసి, గాట్లలో పెట్టి, ఇనుప సుత్తితో చిన్న చిన్న దెబ్బలతో ఒక్కొక్కటే దింపండి. చీల దిగుతున్నంతసేపూ మోత మెల్లగా పైస్థాయికి పోతుంది. ఇక పెరగకుండా మొద్దుబారగానే చాలించండి. ఇందాక బెజ్జం పైభాగాన్ని రెండు పక్కలా వెడల్పు చేశాం కదా, ఇప్పుడు కుసి తల ఆ వెడల్పు నిండా విచ్చుకుని, కింది నుంచి పైకి వెడల్పయ్యే గరాటులా తయారవుతుంది. జిగురు ఎప్పటికైనా చచ్చిపోయినా కాలు కిందికి ఊడి రాదు.

ఒక రోజు ఆగి, పైకి వచ్చిన కొసలను రంపంతో కోసి, ఉలితో పీటకు సమంగా చెక్కండి.

కాళ్లు కోసి పీటను సమం చేయడం

మూడు కాళ్లది ఊగదు గానీ, పీట ఒక పక్కకు వాలి ఉండవచ్చు. చదునైన బల్ల మీద నిలబెట్టి, పొట్టిగా ఉన్న కాళ్ల కింద పలచటి ముక్కలు దూర్చుతూ, పీట అంచు మూడు చోట్లా బల్ల నుంచి ఒకే ఎత్తు వచ్చే దాకా సరిచేయండి. ఆ ఎత్తు 465 అనుకుంటే, 15 మి.మీ. ఎత్తున్న చెక్కముక్క మీద పెన్సిలు పడుకోబెట్టి, ప్రతి కాలి చుట్టూ గీత తిప్పి, ఆ గీత మీద కోయండి. పాదం అంచులను ఒక రెండు మి.మీ. వాలుగా చెక్కితే, స్టూలును నేల మీద లాగినప్పుడు పెచ్చులు లేవవు.

పూత

చిత్రికతో వచ్చిన మెరుపు ఉన్న చోట ఉప్పుకాగితం అక్కర్లేదు. పీట పైముఖాన మాత్రం 120, తర్వాత 180 నంబరుతో నార వెంబడి రుద్దండి. ఇనుప పీచుతో ఓక్‌ను ఎన్నడూ రుద్దవద్దు. దాని రజను చెక్కలో ఇరుక్కుని, తేమ తగలగానే నల్లటి చుక్కలవుతుంది.

అదే గుణాన్ని కావాలని వాడుకోవచ్చు కూడా. ఇనుప పీచును వెనిగర్‌లో వారం రోజులు నానబెట్టి వడకట్టిన నీళ్లను ఓక్ కాళ్లకు పూస్తే, కళ్ల ముందే బూడిదరంగు, ఆపై నలుపు పట్టుకుంటాయి. ఇది రంగు కాదు, చెక్కలోని టానిన్‌తో ఇనుము కలిసి పుట్టిన నలుపు, అందువల్ల గీరుకుపోదు. శ్రీకాళహస్తి కలంకారీలో నల్లగీత పుట్టేదీ ఇలాగే. అక్కడ గుడ్డను ముందుగా కరక్కాయలో తడిపి ఆ వగరును పట్టిస్తారు, ఇనుమును బెల్లపు నీళ్లలో పులియబెట్టి కలంతో గీస్తారు. ఓక్‌కు కరక్కాయ పని లేదు, వగరు దానిలోనే ఉంది. నల్ల కాళ్లు, సహజమైన తేనెరంగు పీట నాకు అన్నిటికంటే నచ్చిన జత.

పూతకు అవిసె నూనె చాలు. గుడ్డతో పలచగా రాసి, ఇరవై నిమిషాలు ఆగి, మిగిలినదంతా పొడిగుడ్డతో తుడిచేసి, పూర్తిగా ఆరిన తర్వాత మరో పూత, అలా మూడు పూతలు. నూనె గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటకు పోలేక గుడ్డ దానంతటదే అంటుకుంటుంది. ఆరుబయట తీగ మీద విప్పి ఆరేయండి, లేదా నీళ్లు నింపిన డబ్బాలో వేయండి.

మొదటి ఏడాది గడిచాక పీట మీద అరచేయి పెట్టి నెమ్మదిగా జరిపి చూడండి. కుసి తలలు మూడూ వెంట్రుకవాసి పైకి లేచి చేతికి తగులుతాయి. కాలు కదిలిందని భయపడవద్దు. పీట మందంలో కొంచెం ఆరి పలచబడింది, కాలి పొడవు మాత్రం మారదు. చిత్రికను సన్నని పొరకు సరిచేసి ఒకటి రెండు సార్లు పట్టి, ఆ మూడు చోట్లా నూనె రాస్తే చాలు.